ఎత్తిన చెయ్యి

పోలేరమ్మ పళ్ళ కుర్చీలోంచి దూకి, డాక్టరు ఆనందకుమారి వేలు కొరికి, వానలోకి పరుగెత్తిపోయిన సంగతి కిందటి వారం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. దవడ కింద నిమ్మకాయంత వాపుతో, ఎంతో అణకువగా వచ్చి కూర్చున్న మనిషి. "ఏం కాదమ్మా, కళ్ళు మూసుకో" అని డాక్టరు అన్న మరుక్షణం ఎందుకట్లా మారిపోయిందో ఆసుపత్రిలో ఎవరికీ అంతుబట్టలేదు. మైపాడు పక్క పాలెంలో ఆమె ఇంటికి మనిషిని పంపితే, తలుపు తీయలేదని కబురు వచ్చింది.

ఆ తర్వాత వాన వదలకుండా పట్టుకుంది. తుపాను బందరు వైపు మళ్ళిందని రేడియోలో చెప్పారుగాని, వాన మాత్రం ఇక్కడే ఉండిపోయింది. అది కాస్త వెలిసిన మధ్యాహ్నం, ఆసుపత్రి గేటు ముందు ఒక ఎద్దుల బండి ఆగింది. ముందు దిగినవాడు పోలేరమ్మ అన్న మాల్యాద్రి.

బండిలో ఆమెను పడుకోబెట్టలేదు. పడుకుంటే ఊపిరి అందటం లేదు. తడి గడ్డి మీద కూర్చుని, మెడ ముందుకు చాచి, నోరు సగం తెరిచి ఉంది. వాపు ఇప్పుడు నిమ్మకాయంత లేదు. దవడా, గడ్డం, మెడా కలిసి ఒకటే ముద్ద అయిపోయాయి. నాలుక పైకి లేచి పళ్ళ వెనక కనిపిస్తున్నది. చొంగ కారి రవిక తడిసింది. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులోంచి సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు.

ఆ చప్పుడు చెవిన పడగానే ఆనందకుమారి మెట్లు దిగి బండి దగ్గరికి వచ్చింది. కొరికిన వేలికి కట్టు ఇంకా ఉంది.

"ఎప్పటి నుంచి ఇట్లా ఉంది?"

"తెల్లారినప్పటి నించమ్మా," అన్నాడు మాల్యాద్రి. "గంజి గూడా దిగలా. మా బావ చిన్నపోలయ్య పడవేసుకుని పులికాటు పక్కకి పోయినాడు. ఇంట్లో మొగదిక్కు లేదు. నేనే ఎత్తి బండెక్కించినా."

"నిన్న ఎందుకు తీసుకురాలేదు?"

"రమ్మంటే రాలా. ఆ కుర్చీలో కూర్చునేదానికంటే చచ్చేది మేలని సైగ చేసింది."

పోలేరమ్మ కళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఆసుపత్రి గుమ్మం వైపు, అన్న వైపు, డాక్టరు చేతి కట్టు వైపు. ఆ కట్టు మీదకు వచ్చినప్పుడు ఆమె చూపు కిందికి వాలింది.

పెద్ద డాక్టరు హెబ్రోను వరండాలోంచే చూశాడు. ఆ మిషను ఆసుపత్రిలో తల నెరిసినవాడు. ఆ ప్రాంతంలో ఆయన కత్తి పట్టని కుటుంబం లేదంటారు. దగ్గరికి వచ్చి ఆమె గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి నొక్కి, పెదవులు బిగించాడు.

"లోపలికి తీసుకురండి. మగ్దలీనమ్మా, తోలు పట్టీలు తియ్యి. వార్డు మనుషుల్ని నలుగుర్ని పిలువు," అన్నాడు నర్సుతో.

పట్టీలన్న మాట పోలేరమ్మకు అర్థమయిందో లేదోగాని, నలుగురన్న మాట అర్థమయింది. బండి పట్టెను రెండు చేతులా పట్టుకుంది. ఈల చప్పుడు హెచ్చింది.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం," అన్నది ఆనందకుమారి.

"నిమిషాలు లేవమ్మా."

"ఉన్నాయి. మీరు వింటే ఉన్నాయి."

హెబ్రోను ఆమె వైపు విసుగ్గా చూసి, వరండా చివరకు నడిచాడు. ఆమె వెంట వెళ్ళింది.

"నెల్లూరుకు పంపుదామంటే కాలవ పొంగి రోడ్డు తెగింది," అన్నాడాయన గొంతు తగ్గించి. "మత్తుకు ఈథరు ఇస్తే నాలుక వెనక్కి జారుతుంది, ఊపిరి ఆగుతుంది. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంక మిగిలింది ఒకటే. కుర్చీకి కట్టి, నలుగురూ పట్టుకుంటే, రెండు క్షణాల్లో కోసెయ్యొచ్చు."

"చీము నోట్లోకి వస్తుంది కదండీ. వచ్చిన క్షణంలో తనే ముందుకు వంగి ఉమ్మెయ్యాలి. వెనక్కి వంచి కట్టేస్తే ఆ చీమంతా ఎక్కడికి పోతుంది? ఊపిరితిత్తుల్లోకి."

"గొంతు కింద కోసి గొట్టం పెడతాను."

"మీరు ఇందాక నొక్కి చూశారు. ఊపిరిగొట్టం మీ వేలికి తగిలిందా?"

హెబ్రోను ఆవరణలో నిలిచిన వాన నీళ్ళ వైపు చూశాడు.

"పోయినేడు కోవూరు నుంచి ఒక రైతు ఇట్లాగే వచ్చాడు. నువ్వప్పటికి ఇక్కడ చేరలేదు. కత్తి వద్దని చేతులు జోడించాడు. నేనూ బతిమాలుతూ కూర్చున్నాను. ఓపిగ్గా, మంచిగా, నువ్వు చెప్పినట్టే. నా ముందే పోయాడు. నోరు తెరిచి పెట్టుకుని పోయాడమ్మా. అప్పటి నుంచి నేను బతిమాలటం మానేశాను."

ఆనందకుమారికి ఈ సంగతి తెలియదు. అయినా ఆగలేదు.

"ఆమెకు నొప్పంటే భయం కాదండీ. ఆ రోజు పెన్సిలిన్ సూది భుజానికి గుచ్చితే రెప్ప వెయ్యలేదు. చిగురు నొక్కితే కళ్ళ నీళ్ళు తిరిగాయి, ఓర్చుకుంది. ఆ తర్వాతే కుర్చీ వెనక్కి వంచాను. తల పట్టుకుని, ఏం కాదు, కళ్ళు మూసుకో అన్నాను. అప్పుడు కొరికింది. నేను ఈ రెండు రోజులూ అదే ఆలోచిస్తున్నాను. ఆమెను బెదరగొట్టింది నా మాట. ఎందుకో కనుక్కోకుండా మళ్ళీ పట్టుకుంటే పెనుగులాడుతుంది. పెనుగులాడితే ఆ కాస్త ఊపిరీ పోతుంది."

"మాట బెదరగొట్టటమేమిటి?"

"మద్రాసులో పిల్లల పళ్ళ విభాగంలో మాకు నేర్పింది ఇదే. భయపడే పిల్లల్ని పట్టుకుని పని చేస్తే, ఆ పని అయిపోతుందిగాని భయం వాళ్ళతోనే పెరుగుతుంది. ముందు చెప్పాలి, తర్వాత చూపించాలి, ఆ తర్వాతే చెయ్యాలి. ఆపమంటే ఆపాలి."

"ఈమె చిన్నపిల్లా?"

"భయం పట్టినప్పటి వయసు ఎంతో మనకు తెలీదు కదండీ."

హెబ్రోను బండి వైపు ఒకసారి చూశాడు. లోపల వార్డులో ఎవరో దగ్గుతున్నారు.

"సరే," అన్నాడు చివరికి. "నేను గొట్టం సామాను పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. ఆ ఈల ఆగి గురక మొదలైందంటే నిన్ను అడగను. ఆమె ఈ గదిలో పోయిందనుకో, ఈ తీరంలో మళ్ళీ ఎవరూ నీ కుర్చీ ఎక్కరు. అది కూడా గుర్తు పెట్టుకో."

మగ్దలీనమ్మ పోలేరమ్మను మెల్లగా దింపి లోపలికి తీసుకుపోతుంటే, ఆనందకుమారి మాల్యాద్రిని పక్కకు పిలిచింది. అతను అరుగు మీద కూర్చుని తడిసిన తలగుడ్డ పిండుకుంటున్నాడు.

"నీ చెల్లెలి నోటికి ఇంతకు ముందు ఎప్పుడైనా ఏమైనా జరిగిందా?"

"ఏం జరగలా," అన్నాడు వెంటనే.

"నువ్వు దాచిపెట్టి, లోపల ఆమె పోతే?"

తలగుడ్డ పిండుతున్న చేతులు ఆగాయి. అతను తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"దానికి పెండ్లి కుదిరిన ఏడమ్మా. ఎడం పక్క కింద దవడ పన్ను పోటు పెట్టింది. తిరునాళ్ళలో పళ్ళు పీకేటోడు ఉండాడంటే తీసకపోయినాం. రానని ఇసకలో పడి పొర్లాడింది. మా నాయన కాళ్ళు పట్టుకున్నాడు. నేను ఎనకమాల నించి తల ఒళ్ళో పెట్టుకుని, నోటికి చెయ్యడ్డం పెట్టినా."

"పన్ను పీకేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టావా?"

"అంటే... దవడ పట్టుకున్నానమ్మా. కదలకుండా." అతను గొంతు సవరించుకున్నాడు. "వాడు పటకారుతో లాగేసినాడు. రెత్తం బో కారింది."

"అప్పుడు నువ్వు ఆమెతో ఏమన్నావు?"

"ఏముంది, చిన్నపిల్లకి చెప్పే మాటే. ఏం కాదు మే, కళ్ళు మూసుకో, అన్నా."

ఆనందకుమారి తన వేలి కట్టు వైపు చూసుకుంది. తను వాడిన మాటలే. అదే వరసలో. ఎంతో ప్రేమగా అన్నాననుకున్న మాట, పోలేరమ్మ చెవిలో ఎవరి గొంతుతో మోగిందో ఇప్పుడు తెలిసింది. అతన్ని ఇంకా అడగవలసింది ఏదో ఉందని మనసులో మెదిలింది. కాని లోపలి నుంచి ఆ ఈల చప్పుడు మెట్టు మెట్టుగా హెచ్చుతున్నది. ఆమె లోపలికి వెళ్ళింది.

పోలేరమ్మ కుర్చీకి దూరంగా, గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. మగ్దలీనమ్మ ఆమెను తాకకుండా పక్కనే నిలబడింది. ఆ మాత్రం ఇంగితం ఉన్న మనిషి.

ఆనందకుమారి కుర్చీని చేత్తో తోసి మూలకు జరిపింది. ఒక ముక్కాలి పీట తెచ్చి, గోడకు ఆనించి, వాకిలి వైపు ముఖం ఉండేట్టు వేసింది. తెరిచిన వాకిట్లోంచి ఆవరణ, ఆవల సరుగుడు చెట్లు కనిపిస్తున్నాయి.

"ఇక్కడ కూర్చో పోలేరమ్మా. నీ వెనక గోడ తప్ప ఎవరూ ఉండరు. నీ తల ఎవరూ పట్టుకోరు. తలుపు వెయ్యం."

పోలేరమ్మ పీటను చూసింది, గోడను చూసింది. కూర్చుంది. ఆనందకుమారి ఆమె ఎదురుగా, అంతకంటే కిందగా ఒక చిన్న పెట్టె మీద కూర్చుంది. వరండాలోంచి ఒక అడుగు లోపలికి వేసి హెబ్రోను గుమ్మంలో నిలబడ్డాడు.

"మొన్న నేను నీకు అబద్ధం చెప్పాను. ఏం కాదన్నాను. అవుతుంది. నోట్లో వాపు దగ్గర కొయ్యాలి. మందు సూది వేస్తాను, కాని చీము పట్టిన చోట ఆ మందు సగమే పనిచేస్తుంది. నొప్పి పుడుతుంది. గట్టిగానే పుడుతుంది. చీము బయటికి వచ్చాక తగ్గుతుంది. కొయ్యకపోతే నీకు ఊపిరి ఆగిపోతుంది. ఇందులో ఒక్క మాట కూడా నిన్ను ఊరడించటానికి చెప్పటం లేదు."

మగ్దలీనమ్మ ఉలిక్కిపడి డాక్టరు వైపు చూసింది. రోగితో అట్లా మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. కాని పోలేరమ్మ భుజాలు, బండి దిగినప్పటి నుంచి చెవుల దాకా ఎగదన్నుకుని ఉన్నవి, కొంచెం కిందికి దిగాయి. మొదటిసారిగా ఆమె డాక్టరు కళ్ళలోకి సూటిగా చూసింది.

"కళ్ళు మూసుకోవద్దు. నా చేతులు చూస్తూ ఉండు. ఏది నోట్లో పెట్టినా ముందు నీకు చూపిస్తాను. నువ్వు చెయ్యెత్తావా, నేను ఏం చేస్తున్నా సరే ఆపేస్తాను. ఎందుకని అడగను. సరేనా?"

పోలేరమ్మ ఆ చేతుల వైపు చూసింది.

ఆనందకుమారి చిన్న అద్దం తీసి ఆమె అరచేతిలో పెట్టింది. ఆమె దాన్ని తిప్పి చూసి తిరిగి ఇచ్చింది. డాక్టరు అద్దాన్ని పెదవుల దాకా తెచ్చిందో లేదో పోలేరమ్మ చెయ్యి పైకి లేచింది. ఆనందకుమారి అద్దం వెనక్కి తీసింది. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ చెయ్యి లేచింది. మళ్ళీ తీసింది. ఆమె నొప్పి పుట్టి చెయ్యి ఎత్తటం లేదు. ఈ మనిషి మాట మీద నిలబడుతుందో లేదో చూస్తున్నది.

"కుమారీ," అన్నాడు గుమ్మంలోంచి హెబ్రోను. అంతకంటే ఏమీ అనలేదు. ఆ ఒక్క పిలుపులో కోవూరు రైతు ఉన్నాడు.

ఇంకోసారి అద్దం పెదవులు దాటి లోపలికి వెళ్ళింది. చెయ్యి లేవలేదు.

నోరు ఒక వేలు పట్టేంతే తెరుచుకున్నది. కుడి పక్క చివరి దవడ పన్ను చుట్టూ చిగురు ఉబ్బి, నాలుక కిందికంతా పాకింది. పన్నుకు పక్కనే ఒకచోట తెల్లగా, పలచగా కనిపిస్తున్నది. అక్కడ కోస్తే చీము దారి చూసుకుంటుంది. కత్తి లోతు తప్పితే నెత్తురు ఆగదు.

"ఇది మందు సూది. చూడు. ఇప్పుడు గుచ్చుతున్నాను."

పోలేరమ్మ చూసింది. రెప్ప వెయ్యలేదు. మగ్దలీనమ్మ ఎనామెల్ గిన్నె తీసుకువస్తే, ఆనందకుమారి దాన్ని పోలేరమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఇది నువ్వే పట్టుకో. నోట్లోకి చేదుగా, వెచ్చగా ఏదైనా వచ్చిందంటే మింగొద్దు. ముందుకు వంగి ఇందులో ఉమ్మెయ్యి. ఇది నేను చెయ్యలేను, నువ్వే చెయ్యాలి."

తర్వాత కత్తి చూపించింది. దాచిపెట్టి తెచ్చే అలవాటు ఆమెది. ఇవాళ వెలుతురులో పెట్టి చూపించింది. పోలేరమ్మ ఎడమ చేత్తో గిన్నెను బిగించి పట్టుకుంది. కుడి చెయ్యి మోకాలి మీద ఉంది. రోజూ చేపలు కోసే చెయ్యి, వేళ్ళ నిండా పాత గాట్లు.

"ఇప్పుడు," అన్నది ఆనందకుమారి.

కత్తి మొన తెల్లని చోట దిగింది. పోలేరమ్మ గొంతులోంచి ఒక మూలుగు వచ్చి ఈలతో కలిసిపోయింది. నెత్తురు వచ్చింది. చీము రాలేదు. ఇంకా లోపల ఉంది. సన్నని పట్టుకారు మొన లోపలికి పెట్టి, విప్పి, దారి చెయ్యాలి. ఆనందకుమారి దాన్ని చూపించి లోపలికి దించింది. మెత్తని చోటు దాటింది. ఏదో పల్చని పొర తగిలింది. ఇంకొక్క నెట్టు.

పోలేరమ్మ చెయ్యి లేచింది.

"ఆపొద్దు!" హెబ్రోను గట్టిగా అన్నాడు. "అందింది కదా, తొయ్యి! ఇప్పుడు తీస్తే ఇంక నోరు తెరవదు!"

ఆయన చెప్పింది నిజమేనని ఆనందకుమారికి తెలుసు. పొర అవతల చీము కొట్టుకుంటున్నట్టు వేలికి తెలుస్తున్నది. ఒక్క నెట్టు చాలు. ఆ నెట్టుతో ప్రాణం దక్కుతుందేమో కూడా. కాని ఈ మనిషి ఎత్తిన చేతిని ఇంతకు ముందు ఎవరో లెక్కచెయ్యలేదు. ఇప్పుడు తనూ లెక్కచెయ్యకపోతే, ఆమె పెనుగులాడుతుంది, నోట్లో ఇనుముతో.

పట్టుకారు బయటికి తీసింది. తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ తెరిచి తన మోకాళ్ళ మీద పెట్టుకుంది.

గదిలో ఈల తప్ప మరో చప్పుడు లేదు. అదీ మారుతున్నది. ఈల మధ్యలో తడితడిగా ఒక గరగర. హెబ్రోను చేతిలో కత్తి మెరిసింది. మగ్దలీనమ్మ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నదని ఆనందకుమారికి తెలుసు. తనకు మాత్రం ఒక్క వాక్యమూ గుర్తు రావటం లేదు.

పోలేరమ్మ ఆ తెరిచిన చేతుల్ని చూసింది. తర్వాత ఆమె చూపు డాక్టరు భుజం మీదుగా పోయి ఒకచోట నిలిచిపోయింది. ఆనందకుమారి తల తిప్పకుండానే గ్రహించింది. గుమ్మం నిండా హెబ్రోను నిలబడి ఉన్నాడు. బయటికి దారి లేదు.

"డాక్టరుగారూ, గుమ్మంలోంచి తప్పుకోండి."

"ఏమిటి?"

"తప్పుకోండి. ఆమెకు బయటికి దారి కనిపించాలి."

ముప్పై ఏళ్ళుగా ఆ గదుల్లో ఆజ్ఞలు ఇవ్వటమే తప్ప తీసుకోని మనిషి. పక్కకు, గోడ వారకు జరిగాడు. వాకిలి ఖాళీ అయింది. సరుగుడు చెట్ల మీదుగా తడి గాలి లోపలికి వచ్చింది.

పోలేరమ్మ ఆ వెలుతురును చూసింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. దిగి మోకాలి మీదికి పోలేదు. డాక్టరు మణికట్టును పట్టుకుంది. పట్టుకుని, కట్టు కట్టిన వేలితో సహా ఆ చేతిని తన నోటి దగ్గరికి తెచ్చుకుంది. నోరు తనే తెరిచింది.

"ఇప్పుడు," అన్నది ఆనందకుమారి.

పొర తెగింది. ఒక్కసారిగా దుర్వాసన గుప్పుమంది. ఆనందకుమారి పట్టుకారు లాగేలోపలే పోలేరమ్మ ముందుకు వంగి గిన్నెలో ఉమ్మింది. మళ్ళీ ఉమ్మింది. పచ్చగా, నెత్తురుతో కలిసి, గుక్క గుక్కగా వస్తూనే ఉంది. మగ్దలీనమ్మ రెండో గిన్నె అందించింది. దగ్గు తెర వచ్చి పోలేరమ్మ ముఖం నల్లబడింది. హెబ్రోను ఒక అడుగు ముందుకు వేశాడు. ఆనందకుమారి చెయ్యి చాచి ఆయన్ని ఆపింది.

దగ్గు ఆగింది. పోలేరమ్మ ఊపిరి తీసుకున్నది. లోపలికి, పొడుగ్గా. ఈల సన్నగా వినిపించింది. మళ్ళీ తీసుకుంది. ఆసారి ఇంకా సన్నగా. ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. రెండు చేతులా గిన్నె పట్టుకుని ఊపిరి పీల్చటం తప్ప మరేమీ చెయ్యకుండా కూర్చుంది.

హెబ్రోను దగ్గరికి వచ్చి ఆమె నాడి చూశాడు. గొంతు దగ్గర చెవి పెట్టి విన్నాడు. తర్వాత తన చేతిలోని కత్తిని పళ్ళెంలో పెట్టాడు.

"నేనైతే ఆపేవాణ్ణి కాదు," అన్నాడు ఆనందకుమారితో. మెచ్చుకున్నట్టూ లేదు, తప్పుబట్టినట్టూ లేదు. అలిసిపోయినట్టు ఉంది. "పెన్సిలిన్ మోతాదు పెంచు. రేపటి దాకా పడుకోనివ్వొద్దు, దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టు." ప్రసవాల వార్డు నుంచి పిలుపు వస్తే వెళ్ళిపోయాడు. మగ్దలీనమ్మ గిన్నెలు తీసుకుని ఉడకబెట్టటానికి వెనక వైపు పోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. కాసేపయ్యాక ఆనందకుమారి గోరువెచ్చని ఉప్పు నీళ్ళ గ్లాసు అందించింది. పోలేరమ్మ పుక్కిలించి ఉమ్మింది. నాలుక దిగింది. నోరు ఇందాకటి కంటే తేలిగ్గా తెరుచుకుంటున్నది.

"ఇంకోసారి చూస్తాను. అద్దం మాత్రమే. గాయం ఎట్లా ఉందో చూడాలి."

పోలేరమ్మ నోరు తెరిచింది. చెయ్యి ఎత్తలేదు.

కుడి పక్క గాయం శుభ్రంగా ఉంది. ఇంకా కొంచెం కారుతున్నది. కారనివ్వాలి. వాపు తగ్గాక ఆ పన్ను తియ్యాలి. ఆ పని మరో రోజు. ఆనందకుమారి అద్దాన్ని అలవాటు చొప్పున ఎడమ పక్కకు తిప్పింది. మొదటి రోజు ఆ పక్క చూడనే లేదు. ఎవరో తిరునాళ్ళ మనిషి పటకారుతో లాగిన చోటు ఎట్లా మానిందో చూడాలనుకుంది.

అద్దం ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ చివరి దాకా పోయింది.

ఎడమ పక్క కింది వరస నిండుగా ఉంది. ముందు పళ్ళు, కోరపన్ను, దాని వెనక దవడ పళ్ళు, చివరిదాకా, ఒకదాన్నొకటి ఒరుసుకుని గట్టిగా నిలబడి ఉన్నాయి. నడుమ ఎక్కడా సందు లేదు. పాలపన్ను ఊడితే మళ్ళీ వస్తుంది. పెళ్ళి కుదిరిన వయసులో పీకిన దవడ పన్ను మళ్ళీ మొలవదు. పై వరస చూసింది. కుడి పక్క చూసింది. ఈ నోట్లోంచి ఇంతవరకు ఒక్క పన్ను కూడా ఎవరూ తియ్యలేదు.

నోటికి చెయ్యడ్డం పెట్టినా, అన్నాడు మాల్యాద్రి. పన్ను పీకేవాడికి కావలసింది తెరిచిన నోరు.

ఆనందకుమారి అద్దం పక్కన పెట్టింది.

"పోలేరమ్మా, నీకు తిరునాళ్ళలో పన్ను పీకించామని మీ అన్న చెప్పాడు."

పోలేరమ్మ చేతిలోని గ్లాసు కదలటం మానింది.

"నీ పళ్ళన్నీ ఉన్నాయి."

పోలేరమ్మ పెదవులు ఒకటి రెండుసార్లు కదిలి ఆగాయి. వాపు వల్లనో మరెందువల్లనో, మాట ముద్దముద్దగా, ఒక్కొక్కటే వచ్చింది.

"పన్నుకి కాదు డాక్టరమ్మా... పట్టుకుంది."

"మరెందుకు?"

"అరవకుండా." ఆమె నోరు తుడుచుకుంది. "రేవు కాడ. మా అన్న నా నోరు మూసినాడు. ఏం కాదు, కళ్ళు మూసుకో మే, అన్నాడు. నేను మూసుకోలా. చూసినా." ఊపిరి కోసం ఆగింది. "నేను అరిచుంటే, ఆ పడవలో మనిషి బతికుండును."

"ఏ మనిషి?"

"మా ఆయనకి తోడబుట్టినోడు. సముద్రం తీసకపోయిందని ఊరంతా ఏడ్చినారు. మా ఆయన ఇప్పటికీ ఆ రేవులో..."

మాట అక్కడే తెగిపోయింది. పోలేరమ్మ కళ్ళు వాకిలి మీద నిలిచిపోయాయి. గదిలోకి వస్తున్న వెలుతురు సగానికి తగ్గింది.

ఆనందకుమారి వెనక్కి తిరిగింది. మాల్యాద్రి లోపల ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో ముఖంలో తెలియటం లేదు. తలగుడ్డ భుజాన వేసుకుని, తొందర లేకుండా, వీపుతోనే తలుపు మూసి, చెయ్యి వెనక్కి పెట్టి గడియ పెట్టాడు.

"తగ్గింది గదా మే," అన్నాడు చెల్లెలితో, ఎంతో మెత్తగా. "లే. ఇంటికి పోదాం."